నీళ్లు పోతాయన్న పడవాయన

పడవను కట్టిన గుంజ మీద జానెడు మేర కొత్త తడి మెరుస్తూ కనిపించింది చూడండి, సరిగ్గా అప్పుడే నాకు పడవాయన మాట గుర్తొచ్చింది. మేం ఒడ్డున దిగినప్పుడు ఆ తడి దాకా నీళ్లున్నాయి. ఇప్పుడు లేవు.

పిల్లలు చిన్నగా ఉన్న రోజుల్లో, లోకమంతా వాళ్లిద్దర్నీ మోసం చేయడానికే కాచుకుని ఉందని నాకు గట్టి నమ్మకం. తాండూరు నుంచి కేరళ చూడబోయి, సముద్రపు కాలువల వెంట చిన్న మోటారు పడవలో కొచ్చికి పోతున్నాం. సాయంత్రం అక్కడ రైలెక్కాలి. మా అత్తమ్మ పెద్దేముల్‌లో మేకలను చెల్లెలికి అప్పజెప్పి, శుక్రవారానికల్లా వస్తానని మాటిచ్చి వచ్చింది. పడవలో తినిపిస్తే చిన్నోడు నీళ్లలోకి వంగుతాడని భయపడి, ఒడ్డున ఆపించి పెరుగన్నం కలిపాను. వాడు ముద్దకో కథ అడిగాడు. ముసలి పడవాయన మూడుసార్లు వచ్చి, "జల్దీ దీదీ, పానీ జాయేగా" అన్నాడు. (తొందరగా రండి, నీళ్లు పోతాయని. హిందీ బాగానే అర్థమైంది, నమ్మలేదు అంతే. ఆటుపోట్ల మీద పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అవి మన అన్నం వేళకే వస్తాయని ఎవరనుకుంటారు?)

"నీళ్లెటు పోతయి? తూము తీసిన్రా ఏంది?" అని మా ఆయన మీద మండిపడ్డాను. "ఇంకో బేరం ఉన్నట్టుంది, మనల్ని తరుముతుండు. మన కోట్‌పల్లి ప్రాజెక్టుల ఎప్పుడన్న గిట్ల పొద్దుగాల ఉన్న నీళ్లు పగటికి మాయమైనయా?"

మా ఆయన టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. అత్తమ్మ మాత్రం, "జర ఇను పిల్లా, దినాం నీళ్ల మీద బతికేటోడు, గాయనకు తెల్వదా?" అంది.

"మీకు తెల్వదు, ఊకోండి అత్తమ్మా."

చివరి ముద్ద అయ్యేసరికి పడవ బురదలో పక్కకు ఒరిగి కూర్చుంది. మా ఆయన తోయబోయి మోకాళ్ల దాకా దిగబడి, చెప్పు ఒకటి అక్కడే వదిలేశాడు. "ముందే గట్టిగ చెప్పొద్దా?" అని పడవాయన మీద అరిచాను. మూడుసార్లు చెప్పానన్నట్టు ఆయన మూడు వేళ్లు చూపించి, నీడలో తుండు పరచుకుని పడుకున్నాడు.

"నా మేకలకు ఇగ నువ్వే జవాబు చెప్పు" అంది అత్తమ్మ.

నీళ్లు తీరిగ్గా తిరిగొచ్చాయి. కొచ్చి చేరేసరికి చీకటి పడింది, రైలు వెళ్లిపోయింది. ఎన్నో దేశాల ఓడలు వచ్చిన పాత రేవట అది. (అవన్నీ నీళ్ల వేళ చూసుకునే వచ్చుంటాయి.) గదిలో నిద్రపట్టేదాకా పడవాయనను, మా ఆయనను, సముద్రాన్ని వరసపెట్టి తిట్టాను.

తెల్లారి మా పెద్దది, అచ్చం నా గొంతుతో, "పడవ తాత చెడ్డోడు గదమ్మా? ఆయన వల్లనే రైలు పోయింది" అంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట నవ్వు రాలేదు. ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని చెప్పాను:

"కాదు బిడ్డా. తాత మూడుసార్లు చెప్పిండు, నేనే ఇనలె. రైలు నా వల్లనే పోయింది. నాయనమ్మకు కూడ నేనే చెప్త. జర ఆగున్రి, ముందుగాల ఆమెను చాయ్ తాగనియ్యిన్రి."