సగం పాలు

కోర్టు మాట వింటే నాకు ఇప్పటికీ అసహ్యం. ఆ అసహ్యంలో కొంత నా మీద, నా రాత మీద కూడా ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా బామ్మర్ది, చీరల వ్యాపారం చేసే ఒక సేటు కలిసి చిట్యాల దగ్గర హైవే పక్కన మగ్గాల షెడ్డు పెట్టారు. జాగా సేటుది. మగ్గాలు, పని మావాడివి. వచ్చిన దాంట్లో చెరి సగం.

"కాగితం రాసుకోండి," అన్నాను.

"మనల మనకు కాగితమేంది సారూ!" అని సేటు నవ్వాడు. మావాడూ నవ్వాడు.

నేను పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు వదలకుండా డైరీ రాస్తున్నాను. ఇంటికి వచ్చి ఆనాటి పేజీలో ఇలా రాశాను: "చిట్యాల షెడ్డు మొదలు. పాలు. బామ్మర్దికి సగం, సేటుకు సగం." మా దిక్కు పాలు అంటే వాటా. వాటా ఉన్న దాయాదులను పాలోళ్లు అంటాం. అంతకంటే వివరంగా రాయాలని నాకు అనిపించలేదు.

కొన్నేళ్లకు హైవే పక్క జాగాలకు గిరాకీ పెరిగింది. సేటు ఒక పొద్దున షెడ్డుకు తాళం వేశాడు. మావాడికి వాటా లేదట, కూలికి నేసేవాడట. మావాడికి నేసుకునే చోటు అదొక్కటే. తాళం తీయించమని కోర్టుకు పోయాం.

మా వకీలు వరసగా అడిగాడు. ఒప్పందం రాసుకున్నారా? లేదు. రిజిస్ట్రేషన్? లేదు. బయటి సాక్షులు? లేరు. చివరికి నా డైరీ తీసి ముందు పెట్టాను. పేజీ మీద వేలు పెట్టి మెల్లగా అన్నాడు:

"సారూ, 'పాలు' పక్కన ఖాళీ ఉన్నది. 'భాగస్వామ్యం' అని ఒక్క మాట పెట్టున్రి. మీ సిరా, మీ రాత. ఎవడు పట్టుకుంటడు?"

అన్నంలో వెంట్రుక నాలుకకు తగిలినట్టయింది. రాయనన్నాను.

"మీ ఇష్టం. మునిగేది మీ బామ్మర్దే," అంటూ పెన్ను బల్ల మీద పెట్టాడు. మావాడు నా ముఖం చూడలేదు. ఆ పెన్ను వైపే చూస్తూ కూర్చున్నాడు.

విచారణ రోజు సేటు వకీలు నా డైరీ పట్టుకుని లేచాడు.

"పెద్దమనిషీ, షెడ్డు మొదలు పెట్టిన నాడు పాలు పొంగిచ్చిన్రా?"

"పొంగించారు."

"ఎవరు తాగిన్రు?"

"అందరం."

"అంటే మీ బామ్మర్ది సగం తాగిండు, మా సేటు సగం తాగిండు. గదే రాసుకున్నరు. ఇంకేమున్నది ఇందుల?"

అందరూ నవ్వారు. పాలంటే వాటా అని నేను చెబుతుంటే ఇంకా నవ్వారు. మా వకీలు కూడా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. కేసు తేలేలోగా తాళం తీయించడానికి ఈ ఆధారం చాలదని జడ్జి అన్నారు.

అసలు కేసు ఎన్నేళ్లు నడుస్తుందో తెలియదు. మగ్గాలకు చెదలు పడతాయని మావాడు రాజీకి దిగాడు. మగ్గాలు తీసుకుపోవచ్చు, కానీ పోయే ముందు గుంటలు పూడ్చాలి. అదీ సేటు షరతు. మావి గుంట మగ్గాలు. నేతగాడు కాళ్లు దించి తొక్కడానికి ఒక్కో మగ్గం కింద నేలను తవ్వుతారు. షెడ్డులో నాలుగు గుంటలూ మావాడు తన చేతులతో తవ్వినవే.

నేనూ మొరం మోశాను. సేటు గడపలో నిలబడి, "జర గట్టిగ దిమ్మిస కొట్టున్రి సారూ, రేపు దీని మీదికి లారీ ఎక్కుతది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ పళ్లు చూడలేక ఇంకో తట్ట ఎత్తుకున్నాను.

మూడో గుంట నిండాక మావాడు పార ఆపాడు.

"కూలికొచ్చినోడెవడన్న పరాయి నేలల గుంట తవ్వుకుంటడా బావా? గా మాట ఒక్కడన్న అడిగిండా?"

"అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు."

"నీకెందుకు తోస్తది? నీ డైరీ ఖరాబ్ కాలే గదా."

నాలుగో గుంటకు నేను తట్ట ఎత్తబోతే లాక్కున్నాడు. ఒక్కడే పూడ్చాడు.