పెద్దాయన దిద్దిన పేజీ

మొన్న నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు కోసం నిలబడి ఉంటే పాత శిష్యుడొకడు ఎదురయ్యాడు. ఇప్పుడు ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట. కుశలప్రశ్నలు అయ్యాయో లేదో ఫోను తీసి, మా చెల్లెలి కూతురు గీస్తున్న బొమ్మల కథ చూపించి, "టీచర్, ఈ విలన్ గురించి మా స్టాఫ్‌రూములో రోజూ తగువే. బాగా రాసిన పాత్రని నేనంటా. గూండాల నాయకుడు ఇంత నెమ్మదిగా ఎక్కడుంటాడని వాళ్లంటారు. మీరు తేల్చండి" అన్నాడు. జీవితమంతా తెలుగు చెప్పినదాన్ని, పాత్రపోషణ అంటే బస్సు పోయినా మాట్లాడే రకాన్ని. అలాంటిదాన్ని ముందు అటూ ఇటూ చూశాను. వెనక బల్ల మీద కూర్చున్నాయన మా మాటలు వింటున్నట్టనిపించింది. "బస్సొచ్చింది నాయనా" అని, ఇంకా రాని బస్సు వైపు నడిచాను.

మా చెల్లెలి కూతురు గుంటూరులో బొమ్మల చదువేదో చదివి, ఉద్యోగం నచ్చక వచ్చేసి, మాచర్లలో మా ఇంటి ముందుగదిలో మకాం పెట్టింది. ట్యాబ్ మీద గీసి, వారం వారం ఫోన్లలోకి వదులుతుంది. దాని మొదటి విలన్‌ని నేను చూశాను. నల్లకళ్లద్దాలు, మెడలో పులిగోరు, నోట్లో చుట్ట, ప్రతి మాటకీ ముందు తొడ చరుచుకోవడం. పాపం, ఆ తొడ ఎంత వాచిపోయి ఉంటుందో అనుకున్నాను. "వీడు విలన్ కాదే, చేలో దిష్టిబొమ్మ. పిట్టలు కూడా రెండో రోజుకి వీడి నెత్తిన కూర్చుంటాయి" అన్నాను. పిల్లకి పౌరుషం పొడుచుకొచ్చింది. "అయితే నిజం విలన్ ఎట్టుంటాడో నువ్వు చెప్పు పెద్దమ్మా" అంది. నేను చెప్పాను.

మా వైపు పెద్దాయన అంటే ఒక్కడే. ఊళ్లకి దూరంగా పొలాల్లో ఇల్లు, ముందు పెద్ద పందిరి. గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. తగువులోకి మనిషిని పిలిపిస్తే తిట్టడు, కొట్టడు, ముందు అన్నం పెట్టిస్తాడు. అరిటాకులో పప్పు, గోంగూర, గడ్డపెరుగు. పక్కనే నిలబడి నెయ్యి తన చేత్తో వేస్తాడు. "తిను, మాటలెక్కడికి పోతాయి" అంటాడు. మాటలు నిజంగానే ఎక్కడికీ పోవు, ఆ విస్తట్లోనే ఆగిపోతాయి. మా పల్నాట్లో ఒకరి ఉప్పు తిన్నాక వాళ్లకి ఎదురు చెప్పడమంటే పుట్టుకకే మచ్చ. పొలం పోగొట్టుకున్నవాళ్లు, అన్నదమ్ములు పోయినవాళ్లు కూడా ఆ పందిట్లో చెయ్యి కడుక్కుని, తల వంచుకుని ఇంటికొచ్చారు. అక్కడ కత్తి కనపడేది కాదు, నేతిగిన్నె కనపడేది.

ఒక్కరే తినలేదని చెప్పుకునేవారు. ఆయన మా ఎదురింటాయన, చుట్టం కాకపోయినా నాకు బాబాయే. ఒక హత్య కళ్లారా చూసి, కోర్టులో చెబుతానన్నాడు. కబురొచ్చింది, వెళ్లాడు. విస్తరి ముందు కూర్చుని, దణ్ణం పెట్టి, లేచిపోయాడట. ఆ సాయంత్రం బస్సులో దిగలేదు. మర్నాడూ రాలేదు. భయపడి కృష్ణ దాటి తెలంగాణలోకి వెళ్లిపోయాడని, మిర్యాలగూడ సంతలో ఎవరో చూశారని అన్నారు. వీధి వీధంతా ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ఆయన భార్య, మా పిన్ని కూడా పట్టుకుంది. ఏరు దాటి ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చి, మావాడు కనపడ్డాడా అని అడిగేది. ఇప్పటికీ అడుగుతుంది.

పిల్ల ఇదంతా గీసింది. చుట్టలూ పులిగోర్లూ పోయాయి. పందిరి, అరిటాకు, నేతిగిన్నె పట్టుకున్న ముసలి చెయ్యి వచ్చాయి. తినకుండా లేచినవాడు పడవలో ఏరు దాటిపోతున్న బొమ్మతో ఆ భాగం ముగించింది. నేను చూసి, "ఇదీ విలనంటే" అన్నాను. ఊరూ పేరూ లేకపోతే ఎవరు పోల్చుకుంటారనుకున్నాం. పోల్చుకోవడానికి పేరెందుకు, నేతిగిన్నె చాలదూ? ఫోన్లన్నీ తిరిగాక ఒక శుక్రవారం మా గేటు ముందు మోటారుసైకిలు ఆగింది. వచ్చినవాడు చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చాడు. "టీచరమ్మా, రేపు మద్దేనం మిమ్మల్నీ పాపనీ పెద్దాయన అన్నానికి రమ్మన్నాడు" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెళ్లకపోవడమనేది లేదు. పందిరి కింద రెండే విస్తళ్లు వేసి ఉన్నాయి. ఆయన బాగా ముసలివాడయ్యాడు, చెవికి మిషను పెట్టుకున్నాడు. నేతిగిన్నె మాత్రం చేతిలోనే ఉంది. నేను తిన్నాను. భయానికి చెయ్యి తనంతట తనే నోటి దగ్గరికి పోయింది. పప్పు బాగుంది కూడా, ఆ మాట చెప్పడానికి సిగ్గేస్తోంది. పిల్ల మాత్రం విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "శనివారం తాతయ్యా, ఒంటిపూట" అంది. అది పుట్టి బుద్ధెరిగి శనివారం ఉపవాసం ఉండగా నేను చూడలేదు. ఆయన దాని వంక చానాసేపు చూశాడు. అప్పుడు నా గుండె చప్పుడు ఆయన చెవి మిషనుకి వినపడుతుందేమోనని భయపడ్డాను.

"మనవడు చూపిచ్చాడు తల్లీ. బాగా రాశావు" అన్నాడు నెమ్మదిగా. "నా నడక, నా మాట, అచ్చు దించావు. ఒక్క పేజీయే తప్పు. అన్నం ముందు నుంచి లేచిపోయినోడు పడవెక్కి ఏరు దాటినట్టు గీశావు. ఎవురు నమ్ముతారు? ఏరు దాకా ఎట్టా పోతాడు? ఆ పేజీ మార్చు. మిగతాదంతా చానా బాగుంది."

గిన్నె పనివాడికిచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని లోపలికెళ్లిపోయాడు. ఆయన చెప్పింది మాకిద్దరికీ అర్థమైంది. బాబాయి ఏ ఏరూ దాటలేదు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాక నేను పిల్ల చేతులు పట్టుకున్నాను. "ఆ పేజీ మార్చి పడెయ్యవే, ఆయన చెప్పినట్టే మార్చు, ఇంక ఆ కథ వద్దు, ఎదురింటి తలుపు మాత్రం తట్టొద్దు" అని బతిమాలాను. "ఎదురింటి అమ్మమ్మకి చెప్పకుండా ఊరందరికీ ఎట్టా చూపిచ్చేది పెద్దమ్మా?" అంది. అది వెళ్లింది. కిటికీలోంచి చూస్తూ, పిన్ని ఏడుస్తుందని, వీధి వింటుందని వణికిపోయాను. ఏడుపు వినపడలేదు. కాసేపటికి పిన్నే మా గుమ్మంలోకొచ్చి, "పంచాంగం చూసి పెట్టమ్మాయ్. ఆయన బస్సెక్కింది మాఘమాసం, తిథి ఏందో తెలవాలి. బతికున్నోణ్ణి పెద్దల్లో కలపకూడదని ఇన్నాళ్లూ అన్నం పెట్టలా" అంది.

పిల్ల పేజీ మార్చింది. ఎత్తిన విస్తరి, సాయంత్రం బస్సు, అందులో ఒక ఖాళీ సీటు, అంతే గీసింది. "ఇప్పుడు సరిపోయింది" అని పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది. పిన్ని చెయ్యబోయేదేమిటో ఆయనకి అప్పటికి తెలియదు.

మాఘం వచ్చింది. పిన్ని ఇంటింటికీ వెళ్లి, ఫలానా రోజు మా ఆయనకి తద్దినం పెడుతున్నాను, భోజనానికి రండి అని పిలిచింది. ఆ ఇంట్లో ముద్ద తింటే ఆయన చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే ఎవరు చంపారన్న మాట వస్తుంది. ఆ మధ్యాహ్నం మా వీధిలో అందరికీ ఊరి పనులు పడ్డాయి. తలుపులన్నీ మూసేశారు. వీధి చివర ఆ మోటారుసైకిలు నిలబడి ఉంది. పెద్దాయన ఉప్పు తిన్నదాన్ని, నా కాళ్లు గడప దాటనన్నాయి. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం రోడ్డు దాటాం.

పిన్ని చాపంతా విస్తళ్లు పరిచి ఉంచింది. మేమిద్దరమే కూర్చున్నాం. వడ్డిస్తుంటే బయట మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినపడింది. అది దగ్గరికొస్తోందో దూరంగా పోతోందో తెలియలేదు. నా చేతిలో ముద్ద జారి ఆకులో పడింది. "నింపాదిగా తినమ్మాయ్" అంది పిన్ని, ఖాళీ విస్తళ్ల మీద ఈగలు తోలుతూ. బాబాయి పోయి ఎన్నేళ్లయిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. మా వీధి లెక్కలో ఆయన ఇంకా ఏటికవతలే ఉన్నాడు, మా ముగ్గురి లెక్కలో ఆ మధ్యాహ్నమే పోయాడు, ఆ మధ్యాహ్నం మాకింకా గడవలేదు.