స్వర్ణక్క లేవనంది

అబిడ్స్‌లో మా మ్యాచింగ్ సెంటర్ గుమ్మం పక్కన కుట్టుమిషన్ వేసుకుని చీరలకు ఫాల్, పీకో కుట్టే స్వర్ణక్కని చూస్తే ఈవిడకి ఫుట్‌బాల్ పిచ్చి ఉందని ఎవరూ అనుకోరు. తల వంచుకుని కుడుతూనే ఉంటుంది. ఎంత బేరమాడినా ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. ఆ మాటలన్నీ నా వంతు. నేను కౌంటర్‌లో లైనింగ్ గుడ్డలు కోస్తాను. నా నోరు ఊరుకోదు. మా తాత రాధాకృష్ణమూర్తి గారు యాభై ఆరులో బందరు నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయారు. ఆఫీసులో ఎవరితోనూ పడేది కాదట. నాకొచ్చింది ఆయన నోరేనని మా అమ్మ వాదన.

స్వర్ణక్కది జనగామ అవతల పల్లె. పెళ్ళయి నాంపల్లి వచ్చింది. భర్త స్టేషన్లో పార్శిళ్ళు మోసేవాడు. జ్వరమని దవాఖానకు పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటికి ఆమెకు ముప్ఫై కూడా నిండలేదు. ఇక అక్కణ్ణుంచి మొదలు. చెల్లెలి పెళ్ళిలో తలంబ్రాల వేళకి "జర పక్కకు జరుగు" అన్నారు. జరిగింది. తోడికోడలి సీమంతంలో వంటింట్లోనే ఉండమన్నారు. ఉంది. తమ్ముడు కొత్త బండి కొన్న రోజు ఎదురు రావద్దని ముందే ఫోన్ చేసి చెప్పారు, అంత మర్యాద కూడానూ. వింటేనే నాకు ఒళ్ళు మండిపోయేది. "వంట చేయడానికి పనికొచ్చే చేతులు అక్షింతలు వేయడానికి పనికిరావా? అడగలేకపోయావా అక్కా?" అనేదాన్ని. "నువ్వు అడుగుతవు. నాకు అడుగరాలే" అని మిషన్ తొక్కుకునేది.

ఆమె కిరాయికుండే ఇంటి మేడ మీదికెక్కితే రైలు పట్టాలవతల ఒక మైదానం కనిపిస్తుంది. ఆదివారాలు అక్కడ లీగ్ మ్యాచ్‌లు జరుగుతాయి. బట్టలారేస్తూ చూసేది. ఒక ఆదివారం తడిబట్టలు బకెట్లోనే వదిలేసి దిగి వెళ్ళి, సిమెంటు మెట్ల మీద ఒక వారగా కూర్చుంది. స్టేషన్ రోడ్ ఎలెవన్ ఆడుతోంది. ఆ టీమ్ అభిమానులు ఓ పాతికమంది పైమెట్టు మీద అరుస్తున్నారు. వాళ్ళకి పెద్ద తలకాయ ఎల్లేష్ అనే ఆటో అతను. ఆమెను చూసి "గాడ ఎండ కొడ్తది అక్కా, ఇటు వచ్చి కూసో" అన్నాడు. అంతే. అది మొదలు వానైనా ఎండైనా ఏ ఆదివారమూ మానలేదు. ఎందుకంత ఇష్టమని నేనడిగితే ఒకసారి చెప్పింది.

"గాడ ఎవ్వరు నా నొసలు చూడలే మేఘనా. అందరు బంతినే చూసిన్రు."

ఈ ఏడు టీమ్ దరిద్రంగా ఆడింది. వరసగా ఓడుతూనే ఉంది. మధ్యలో స్వర్ణక్కకి ఒళ్ళు బాగాలేక ఒక ఆదివారం వెళ్ళలేదు, ఆ రోజు గెలిచారు. ఇంకోసారి ఫోన్ వస్తే మాట్లాడడానికి గేటు బయటికి వెళ్ళింది, సరిగ్గా అప్పుడే మనవాళ్ళు గోల్ కొట్టారు. ఇంకేముంది, పైమెట్టు మీద 'పనౌతి' అన్న మాట పుట్టింది. అడుగు పెడితే అంతా చెడగొట్టే మనిషన్నమాట. ముందు నవ్వులాటకి అన్నారు. తర్వాత నవ్వడం మానేసి అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బంతి తన్నలేని వాళ్ళని వదిలేసి మెట్ల మీద కూర్చున్న మనిషి మీద పడ్డారు.

చివరి మ్యాచ్ వచ్చింది. గెలవక్కర్లేదు, సమంగా ముగిసినా చాలు. ఓడితే మాత్రం టీమ్ కింది డివిజన్‌కి పోతుంది. "నువ్వు గూడ రా. లొల్లి అయితదేమో, జర నోరున్న మనిషి తోడుండాలె" అంది స్వర్ణక్క. నాకు ఆటలో ఓనమాలు తెలియకపోయినా తగుదునమ్మా అని వెళ్ళాను.

పొద్దున వాన పడి మైదానమంతా బురదగా ఉంది. సగం ఆట అయ్యేసరికి అవతలివాళ్ళది ఒక గోల్, మనది సున్నా. విరామంలో ఎల్లేష్ మా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఏమనుకోకు. జర గేటు బయట చాయ్ తాగుకుంట కూసోరాదు? మ్యాచ్ అయినంక నేనే ఇంటికాడ దింపుత."

"చాయ్ నాకద్దు" అంది స్వర్ణక్క.

"గట్ల కాదక్కా. నీకు తెల్వంది కాదు. నువ్వు లేనప్పుడే గెలుస్తున్నం. ఇయ్యాల గిట్ల ఓడితే పోరలంతా నిన్నే అంటరు. మళ్ళ వచ్చే సాల్ నిన్ను ఈ మెట్ల మీద కూసోనియ్యరు. నేను గూడ ఆపలేను."

నేను నోరు తెరవబోతే స్వర్ణక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఈలోగా రాజమల్లు వచ్చాడు. ఒకప్పుడు ఇదే టీమ్‌కి గోల్‌కీపర్‌గా ఆడిన పెద్దాయన, అందరూ కాకా అంటారు. "బిడ్డా, నాకు గివన్ని నమ్మకం లెవ్వు. అయినా ఒక్కసారి పొయ్యి రారాదు. పొయ్యేదేమున్నది?" అన్నాడు మెల్లగా.

"పొయ్యేదేమున్నదా కాకా?" అంది స్వర్ణక్క. "పెండ్లిల జరుగుమన్నరు, జరిగిన. సీమంతంల లోపటుండుమన్నరు, ఉన్న. ఎదురు రావద్దన్నరు, గల్లీ సుట్టు తిరిగి పోయిన. అన్ని ఇడిసిపెట్టిన. నాకు మిగిలింది గీ మెట్టొక్కటే. గిది ఇయ్య. నేను లెవ్వ."

ఎల్లేష్ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆట మళ్ళీ మొదలైన కాసేపటికే అవతలివాళ్ళు రెండో గోల్ కొట్టారు. పైమెట్టు మీద పాతికమంది తలలూ ఒక్కసారి మావైపు తిరిగాయి. "సూసినవా అక్కా, చెప్తే ఇన్నవా?" అన్నాడు ఎల్లేష్. తర్వాత తనవాళ్ళతో, "నడువున్రిరా. ఈమె లెవ్వది, మనమే పోదం. మన టీమ్ మునుగుడు కండ్లతోని సూసుడెందుకు?" అన్నాడు. బిలబిలమంటూ అందరూ దిగి గేటు దాటి వెళ్ళిపోయారు. రాజమల్లు కూడా వెళ్ళాడు. మనవైపు మెట్ల మీద మేమిద్దరమే మిగిలాం.

"మనం కూడా పోదాం పద అక్కా" అన్నాను. "ఈ దిక్కుమాలిన ఆట కోసం ఇన్ని మాటలు పడాలా?"

"నువ్వు పో. నేను లేస్తే వాళ్ళ మాట నిజమైతది."

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తుడుచుకోలేదు, బంతి మీంచి చూపు తిప్పలేదు. ఆమెనక్కడ ఒంటరిగా వదిలేసి పోవడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? కూర్చున్నాను.

ఇక చూడండి. మూలనుంచి వచ్చిన బంతిని మనవైపు పొడుగాటి కుర్రాడొకడు తలతో లోపలికి నెట్టాడు. స్వర్ణక్క లేచి అరిచింది. ఆ మనిషికి అంత గొంతుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. ఇంకాసేపటికి అవతలి గోల్‌కీపర్ చేతుల్లోంచి తడి బంతి జారింది. మనవాడు దాన్ని అలా కాలితో తోసేశాడు. రెండుకి రెండు. ఇద్దరం కలిసి మైదానం దద్దరిల్లేలా కేకలు పెట్టాం.

ఆ కేకలకి బయట చాయ్ బండి దగ్గరున్న వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. వచ్చి, గేటు దగ్గర ఆగిపోయారు. ఎల్లేష్ రెండు చేతులూ చాపి అందరికీ అడ్డం నిలబడ్డాడు.

"ఆగున్రి. మనం బయటికి పోయినంకనే రెండు పడ్డయి. ఎవ్వరు లోపటికి పోవద్దు."

ఆ వెర్రిమొహాలు మెడలు చాచుకుని గేటు మీంచి తొంగిచూస్తూ నిలబడ్డాయి. నాకు పండగే. "ఇప్పుడు చెప్పండయ్యా, ఎవరు పనౌతి? అక్కడే ఉండండి, ఇంకో చాయ్ తాగండి" అని గట్టిగా అన్నాను.

"నువ్వూకో" అని స్వర్ణక్క నన్ను కసిరి, మెట్లు దిగి గేటు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"లోపటికి రాండ్రి."

"వద్దక్కా" అన్నాడు ఎల్లేష్, నిజంగా భయంగా. "మ్యాచ్ పాడైతది."

"బయట నిలబెట్టుడు ఎట్లుంటదో నాకెరుక. నడువు."

"మేం వచ్చినంక ఓడితే?"

"ఓడితే లోపట కూసోని ఓడుదం."

ఒక్కొక్కరే వచ్చారు, నేలమీద ముళ్ళున్నట్టు అడుగులేసుకుంటూ. మేమూ వెళ్ళి మా చోట కూర్చున్నాం. ఎల్లేష్ అందరికంటే ఆఖరున వచ్చి మా పక్కన, మెట్టు అంచున కూర్చున్నాడు. అలా కూర్చున్నాడో లేదో, మన ఎడమవైపు ఆటగాడు బురదలో జారిపడ్డాడు. అవతలివాడు వాణ్ణి దాటుకుని వెళ్ళి గోల్ కొట్టేశాడు. మూడు, రెండు.

వెనకనుంచి ఒక గొంతు, "ఎల్లేశన్న కాలు పెట్టిండు, గోల్ పడ్డది" అంది. ఇంకో ఇద్దరు ఔను ఔనన్నారు. పొద్దుట్నుంచి ఎవరి వెనక నడిచారో ఆ మనిషి మీదికే అందరి చూపులూ తిరిగాయి. ఎల్లేష్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు నాలుక చివర్న మంచి జవాబు సిద్ధంగా ఉంది. అనుభవించు నాయనా, అందామనే అనుకున్నాను.

"ఎవడ్రా అన్నది?" అని స్వర్ణక్క వెనక్కి తిరిగింది. "గా పోరడు జారిపడ్డది మీ కండ్లకు ఆనలేదా? గీనె జారిండా? ఇంకో మాటంటే మంచిగుండది."

ఎల్లేష్ అప్పటికే లేచాడు. "నేను పోతనక్కా. బయటుంట" అన్నాడు నేల చూస్తూ. అతని మీద అంత కోపం పెట్టుకున్న నాకే ఏడుపొచ్చింది.

స్వర్ణక్క అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"కూసో. గోల్ నీవల్ల పడలే. ఆట ఇంక అయిపోలే."