నోటుబుక్కులో అతికించిన లేబుళ్లు

నలభై అయిదు దాటినా మా వీధికి ఆమె మందులమ్మాయే. మూలనున్న మందుల షాపులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. ఎవరికి షుగరో, ఎవరికి బీపీయో ఆమెకు తెలుసు. అడిగి అడిగి నేనూ కొంత తెలుసుకున్నాను.

రెండేళ్ల కిందట షాపులోకి బీరువా అంత యంత్రం వచ్చింది. పొద్దున వేసుకునేవి, సాయంత్రం వేసుకునేవి విడివిడిగా, పేరుతో సహా పొట్లాలు కట్టి ఇస్తుంది. చూపు ఆనని ముసలివాళ్లకు ప్రాణం లేచొచ్చింది. మందులమ్మాయికి నడుంనొప్పి తగ్గింది.

దానికొక పట్టింపు ఉంది. మాత్రలు పోసే ముందు డబ్బా మీది లేబుల్ చూపిస్తేనే ఆ మందు అర తెరుచుకుంటుంది. రద్దీలో ప్రతి డబ్బా తిప్పి చూపించడం విసుగనిపించి, ఆమె పాత లేబుళ్లు ఊడదీసి నోటుబుక్కులో అతికించుకుంది. పేజీ చూపిస్తే చాలు. ఆ తెలివిని నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ రోజు పదకొండింటికి అటు వెళ్తుంటే, ఆమె రెండు డబ్బాలు పట్టుకుని మొహం పాలిపోయి నిలబడి ఉంది. నేను ఊరుకుంటానా, లోపలికెళ్లాను.

"ఏమైందే?"

"బీపీ డబ్బాకి సీలు కూడా తీయలేదు పిన్నీ! నిన్న ఆ అరలో నేను పోసింది షుగరు మాత్రలు."

చూపించింది ఒక పేజీ, పోసింది ఇంకో డబ్బా. రెండూ తెల్లటి చిన్న బిళ్లలే. షుగరు జబ్బు లేనివాళ్లు అవి మింగితే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చట.

వెంటనే యంత్రం మీద ఏదో నొక్కింది. ఆ మాత్రలు ఎవరెవరికి వెళ్లాయో అది అర నిమిషంలో తేల్చేసింది. ఏడుగురు. చేత్తో కట్టే రోజుల్లో అయితే ఎవరి గుమ్మమని వెతుకుతాం?

ఫోన్ చేస్తే ఆరుగురు ఎత్తారు. వాళ్లకు పాత పొట్లాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఏడోవాడు బస్సు తాత. డ్రైవరుగా రిటైరై ఒంటరిగా ఉంటాడు. నిన్న సాయంత్రం నుంచే కొత్త పొట్లాలు మొదలుపెట్టాడు.

"ఎత్తడం లేదు పిన్నీ..."

"ఫోను దిండు కింద పెట్టి ఎక్కడో కబుర్లాడుతుంటాడు, పద," అన్నానే గానీ ఆమెకంటే ముందు నేనే షాపు మెట్లు దిగాను.

తలుపు వారగా తీసి ఉంది. తాత కుర్చీలో చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. "దిగేవాళ్లు ముందుకు రండి," అని గొణుగుతున్నాడు.

"తాతా, మింగగలవా?" షాపు నుంచి తెచ్చిన గ్లూకోజు కలిపి ఆమె చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను.

ఆసుపత్రికి షాపు ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "యంత్రమే కలిపేసిందని చెప్పు. కంపెనీ వాళ్లు చూసుకుంటారు," అని ఆమె చెవిలో ఊదాడు.

"ఏం మింగాడో తెలుసా?" అంటూ డాక్టరు వచ్చింది.

"తెలుసండీ. తప్పు యంత్రానిది కాదు, పోసింది నేనే." ఆమె డబ్బా ముందుకు చాపింది. "నిన్న సాయంత్రం ఒకటి, పొద్దున ఒకటి."

డాక్టరు లేబుల్ చదివింది. "ఇది రోజంతా ఒంట్లో ఉంటుంది. చక్కెర మళ్లీ పడిపోవచ్చు. ఇంటికి పంపను."

ఓనరు ఆమె వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

అరగంటకోసారి నర్సు తాత వేలు గుచ్చి చూసింది. మూడింటికి చక్కెర అంకె మళ్లీ కిందికి జారింది. మళ్లీ ఏదో ఎక్కించారు.

అయిదింటికి తాత కళ్లు తెరిచాడు. "అలా గుడ్లప్పగించి చూస్తావేంటమ్మా? నేనేమైనా సినిమానా?"

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. నర్సు మళ్లీ వచ్చి చూడటానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.