అందర్నీ అడిగినావా?

పోయిన మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ ఫోను చూశాను. ‘జిల్లాలో ది ఓల్డెస్ట్ టీచర్ ఇక లేరు’ అని మా పూర్వ విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. కింద సారు ఫొటో, దాని చుట్టూ తిరుగుతున్న పూలు. కుందుర్పి పక్క హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు ఆయన. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషికి చివరికి ఆ ఒక్క మాటే మిగిల్చారు. ఏడుపు రావలసిన చోట నాకు అసహ్యం వేసింది. నోరు కడుక్కున్నా పోలేదు.

ఎందుకో మీకు చెప్పాలంటే మా ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజు సారు బోర్డు మీద మూడు మెట్లు గీశారు. ఓల్డ్, ఓల్డర్, ది ఓల్డెస్ట్. “ఈ క్లాసులో ది ఓల్డెస్ట్ ఎవరు?” అన్నారు. నేనే అని లేచాను. అందరికంటే పొడుగు నేనే మరి.

“అందర్నీ అడిగినావామ్మా?”

“లేదు సార్.”

“అట్లయితే కూచో. ఇద్దర్ని చూస్తే ఓల్డర్ అనొచ్చు. ది ఓల్డెస్ట్ అనాలంటే ఒక్కర్ని గూడా ఇడిసిపెట్టగూడదు.”

రిజిస్టరు తెప్పించి చూస్తే సగం మందిమి జూన్ ఒకటో తేదీన పుట్టి ఉన్నాం. మా వైపు అంతే. బడిలో చేర్చడానికి వచ్చిన నాయనలకు తేదీ తెలియదు, హెడ్మాస్టరే ఒకటి వేసేవాడు. “ఒకే దినం ఇన్ని కాన్పులు చేసిందంటే ఆ మంత్రసానికి దండం పెట్టాలప్పా” అని సారు రిజిస్టరు మూసేసి, మీ అమ్మల్ని అడిగి రాపోండి అని పంపారు. మర్నాడు ఒకడు ‘గొర్రెలకు రోగమొచ్చిన యేడు’ అన్నాడు. ఇంకొకతి ‘ఇత్తనాలకు పెట్టుకున్న చెనక్కాయలు గూడా తినేసిన యేడు’ అంది. మా అమ్మ ‘బావి ఎండిన యేడు’ అని చెప్పి పంపింది. “ఎన్నోసారి ఎండినప్పుడమ్మా?” అన్నారు సారు.

ఆ యేళ్లన్నీ ముందూ వెనకా చేర్చడానికి వారం పట్టింది. చివరికి తేలిందేమిటంటే, వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చునే గొర్రెల కాపరి కూతురే అందరికంటే పెద్దది. మూడేళ్లు మంద వెంట తిరిగి, ఆలస్యంగా బడికొచ్చిందట. ఆ పిల్ల లేచి ‘ఐ యామ్ ది ఓల్డెస్ట్’ అని ఇంగ్లీషులో చెప్పింది. సారు చప్పట్లు కొట్టించలేదు. “ఇంత పెద్దయ్యేదానికి ఎంత కష్టపడిందో ఈ యమ్మ” అన్నారు, అంతే.

ఆయన చాదస్తం మామూలు చాదస్తం కాదు. లేపాక్షికి తీసుకెళ్తే నంది ముందు నిలబడి మేమంతా ‘ది బిగ్గెస్ట్’ అని అరిచాం. “మిగతా నందుల్ని గూడా చూసొచ్చి అప్పుడు అరుద్దురు” అన్నారు. రిటైరైన తర్వాత కూడా జేబులో సుద్దముక్క ఉండేది, మనవళ్లకు అరుగు మీద రాసి చూపించేవారు. ముసలివాళ్ల వయసు గురించి ఆయన మాట ఒకటి ఉంది: “వయసు మనం అడిగేది కాదు. వాళ్లు చెప్పుకుంటే మనం ఇనేది.”

పోయిన ఎండాకాలం ఒక సన్మాన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. నేనిప్పుడు రాప్తాడు దగ్గర బడిలో ఇంగ్లీషే చెబుతున్నాను. “మేడమ్, ఓల్డెస్ట్ టీచర్‌కి సన్మానం చేస్తాండాం. మీకెవరన్నా తెలుసునా?” అన్నాడు. ఇంకెవరు, మా సారే అన్నాను. ఒక్కరినీ అడగలేదు. సారుకు గౌరవం దక్కుతుందనే ఆయన పేరు చెప్పాను. ఆయన శిష్యురాలిగా నా పేరూ మైకులో వినబడుతుందన్న ఆశతో కూడా చెప్పాను. ఛీ.

సన్మానం రోజు రేకుల షెడ్డు కింద, నిప్పులు చెరిగే ఎండవేళ, ఎవరో నాయకుడు వచ్చేదాకా ఆయన్ని మూడు గంటలు కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో అదే బడిలో లెక్కలు చెప్పిన టీచరమ్మ. సారును పొగడడానికి ఆమెను పిలిపించారు. శాలువా కప్పి ఫొటోలు తీశాక కార్యదర్శి మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు. “ఎన్నేండ్లు సార్ మీకు?” తొంభై అన్నారు. సరదా పుట్టి మైకు ఆమె దగ్గరా పెట్టాడు. తొంభై రెండు అంది. సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టుంది నాకు.

“ఏందమ్మా, ఒక మూడేండ్లు తగ్గించి చెప్పరాదా” అని గొణిగాడు కార్యదర్శి. మైకులో అందరికీ వినబడింది. జనం నవ్వారు. నేనూ పళ్లు ఇకిలించాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. సారు నవ్వలేదు. శాలువా తీసి టీచరమ్మ ఒళ్లో పెట్టి, “ఈ యమ్మకు మంచినీళ్లు తెచ్చియ్యప్పా” అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

“అందర్నీ అడిగినావా?”

కోపం లేదు ఆ గొంతులో. పాఠం మర్చిపోయిన పిల్లని అడిగినట్టే అడిగారు. ఆ తర్వాత ఆయన ఇంటికి వెళ్లి తప్పయింది సార్ అని చెప్పాలని ప్రతి ఆదివారం అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక పోలేదు. ఇంతలో ఆ మంగళవారం వచ్చింది.

నేను వెళ్లేసరికే సారు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టేశారు. శాలువా ఫొటో, మళ్లీ అదే మాట. సారును వసారాలో పడుకోబెట్టారు. టీచరమ్మ ఆటోలో వచ్చి ఆయన తల దగ్గర కుర్చీలో కూర్చుంది. కార్యదర్శి చేతులు కట్టుకుని వచ్చి, సంచిలోంచి ఒక కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “వచ్చే నెల ఇంకో సన్మానం ఉండాదమ్మా. సారు పోయినాడు గదా, ఇంక మాకు మీరే ది ఓల్డెస్ట్.”

శవం ఇంకా ఇల్లు కదల్లేదు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడికి ఆ ఇంటి దారి చూపింది నేనే. టీచరమ్మ పక్కన కింద కూర్చున్నాను.

“ఆ పొద్దు వాళ్లకి సారు పేరు చెప్పింది నేనే టీచర్. తప్పయిందని చెప్పాలని...”

“ఆయప్పకు తెలుసులేమ్మా” అంది. “నువ్వొస్తావని చూస్తాండె. పోయిన వారం గూడా అడిగినాడు నన్ను, ఆ పిల్ల రాలేదే అని.”

ఆమె కార్డు తెరిచి కూడా చూడలేదు. బంగారు అంచు ఉన్న మందపాటి కార్డు. దాన్ని నిలువుగా మడిచి, సారు ముఖం మీద వాలుతున్న ఈగల్ని తోలడం మొదలుపెట్టింది. నేను తోలుతా ఇవ్వండి టీచర్ అన్నా ఇవ్వలేదు.