రన్‌వే మీద పిట్టల వంతు

ఈ సంగతి ఇంతకుముందు రాయలేకపోయాను. అప్పట్లో నాకు అక్షరాలు రావు. బడి వరండాలో సాయంత్రం పూట నడిచే క్లాసులో పలక పట్టేనాటికి నాకు మనవలు ఉన్నారు. అక్షరాలు వచ్చాక కూడా రెండేళ్లు ఆగాను. నోటుబుక్కు తెరిచి మొదటి మాట రాయగానే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు అనిపించి లేచేదాన్ని. చూస్తే పొయ్యి అసలు వెలిగించి ఉండేదే కాదు.

మా ఊరి పక్కన, నందికొండ పోయే రోడ్డుకు అవతల, పాత విమానాల మైదానం ఉంది. ఎప్పుడో యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్లు వేశారట. వాళ్లు వెళ్లిపోయాక పొడుగాటి సిమెంటు బాట, కప్పు లేని రెండు గదులు మిగిలాయి. మాకు భూమి లేనన్నాళ్లూ ఆ బాట మీద పరాయి వాళ్ల పంట కొట్టాం. అర ఎకరం చెలక చేతికొచ్చాక మా జొన్నలూ అక్కడే కొట్టాం. అంత చదునైన కల్లం చుట్టుపక్కల ఏ దొరకూ లేదు. తూర్పారబట్టి రాశి పోశాక, కొలవకముందే మూడు దోసిళ్లు తీసి పక్కన చల్లాలి. అది పిట్టల వంతు. కొట్టిన చోటే వేయాలి, ఇంటికి తెచ్చి వాకిట్లో వేస్తే చెల్లదు అనేది మా అత్త.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మైదానం చుట్టూ కంచె వేశారు. బాట పగుళ్లు పూడ్చి, తెల్ల గీతలు గీసి, రన్‌వే అన్నారు. విమానం నడపడం నేర్చుకునే పిల్లలు వచ్చారు. అప్పుడప్పుడు పట్నం నుంచి ఎవరో సొంత విమానంలో వచ్చి దిగేవారు. నాకు తెల్లవారుజామున రన్‌వే ఊడ్చే పని దొరికింది. చిన్న రాయి కూడా ఉండకూడదు. మా మరిదికి పిట్టలను తోలే పని ఇచ్చారు. ఖాకీ డ్రెస్సు, విజిలు, కొట్టడానికి రేకు డబ్బా. నడుము పోయి కూలికి వెళ్లలేని మనిషికి అది దొరకడం మా అందరికీ పండగే.

కంచె పడ్డప్పటి నుంచి జొన్నలు ఇంటి ముందరే కొట్టుకుంటున్నాం. ఆ ఏడు కొలిచే పొద్దు వచ్చేసరికి మా వాడకట్టు ఆడవాళ్లు నా దగ్గరకు వచ్చారు.

“నువ్వు లోపటికి పోతవు గదా అక్కా, మా వంతు గూడ జర పాత కల్లంల ఏసి రా.”

“ఏండ్లాయె. పిట్టలు మనల్ని మరిసిపోయినయో ఏమో!”

“మరిస్తే యాది చెయ్యవే, ఎయిర్‌పోర్టు ఆఫీసరమ్మా!”

నవ్వుకున్నాం. కాదనాలని నాకు తట్టనే లేదు. అయిదిళ్ల దోసిళ్లు సంచిలో పోసుకుని పోయి రన్‌వే పడమటి కొసన, మా పాత కల్లం ఉన్నచోట చల్లాను. ఎండెక్కేలోపు తిని పోతాయి అనుకున్నాను. అవి పోలేదు. రెండో రోజుకు గువ్వలు, గోరింకలు ఇంకా దిగాయి. మరిది డబ్బా మోత ఆగింది లేదు. అప్పుడైనా ఊడ్చెయ్యాల్సింది. పిట్టల ముందు నుంచి గింజ తీయడానికి చెయ్యి రాలేదు.

మూడో రోజు, నేనింకా ఇంటికి బయల్దేరకముందే, ఒక అమ్మాయి ఒంటరిగా విమానం దింపుతోంది. చక్రాలు నేలను తాకగానే గువ్వల గుంపు ముఖానికి అడ్డంగా లేచింది. విమానం పక్కకు జారిపోయి గడ్డిలో పడి, ఒక చక్రం విరిగి, రెక్క నేలకు ఆనింది. అమ్మాయి తనంతట తానే దిగింది. దెబ్బ తగల్లేదు.

మేనేజర్ సారు మరిది మీద అరిచాడు. “నిద్రపోయావా?”

“లేదు సార్. కొడితే లేస్తున్నయ్, మల్ల గాడనే వాలుతున్నయ్.”

“అక్కడే ఎందుకు వాలతాయి? అబద్ధాలు చెప్పకు. రేపు పొద్దున డ్రెస్సు, విజిలు ఇచ్చేసి వెళ్లిపో.”

వాళ్లు విమానం దగ్గర ఉన్నారు. నేను పడమటి కొసన చీపురుతో ఉన్నాను. సారు ఇటు తిరగకముందే మిగిలిన గింజలన్నీ గడ్డిలోకి ఊడ్చేశాను.

ఆ సాయంత్రం కూర్చోలేకపోయాను. నిండిన కుండకే మళ్లీ నీళ్లు తెచ్చాను. మరిది ఇంటి దాకా పోయి రెండుసార్లు తిరిగొచ్చాను. మూడోసారి తోటికోడలు చూడనే చూసింది.

“ఏందక్కా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?”

“ఉప్పు కోసమొచ్చిన.”

లోపల్నుంచి మరిది గొంతు వినిపించింది. “వదినెకు జర సూసి పెట్టు. రేపటిసంది మనమే గిన్నె పట్కొని ఆళ్లింటికి పోవాలె.”

తోటికోడలు నవ్వలేదు. ఉప్పు తీసుకుని ఇంటికొచ్చాను. ఇంట్లో ఉప్పు డబ్బా నిండా ఉంది. చెబితే నా పని పోతుంది, చెప్పకపోతే మరిదిది పోయినట్టే. పడుకున్నాక కూడా ఇదే అటూ ఇటూ తిప్పుకుంటూ ఉన్నాను.

మర్నాడు వెలుతురు రాగానే మరిది ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఖాకీ చొక్కా మడత పెడుతున్నాడు. నిలబడే చెప్పేశాను.

“పిట్టలకు దావత్ ఇచ్చింది నువ్వా వదినె! నా డబ్బ చప్పుడే తగ్గిందనుకున్న.” చొక్కా మడత మళ్లీ సరిచేశాడు. “ఊకో. ఇద్దరి నౌకరీలు ఎందుకు? నువ్వన్న ఉండు.”

చొక్కా ఆయన చేతిలోంచి లాక్కుని దులిపి, తొడుక్కోమన్నాను. ఆయన గుండీలు పెట్టుకునేదాకా ఆగకుండా ముందు నడిచాను. మేనేజర్ సారు ఇంకా స్కూటర్ దిగుతున్నాడు. గేటు దగ్గరే ఆపి, జొన్నలు చల్లింది నేనని చెప్పాను. సారు నమ్మలేదు, మరిదిని కాపాడటానికి చెబుతున్నావా అన్నాడు. అప్పుడు చీపురుతో ఊడ్చి దాచిన మాట కూడా చెప్పి, గడ్డిలో గింజలు పడ్డ చోటికి తీసుకెళ్లాను.