మోతికి ఎనిమిది ముద్దలు

మొన్న మా వాడకు కొత్తగా వచ్చిన బడిపంతులు కరీంనగర్ నుంచి బుట్టలో ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. వాడలో ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా దగ్గరికే వస్తారు. పడుగుకు ఎన్ని పోగులు, గోడకు ఎన్ని ఇటుకలు, పుట్టిన బిడ్డకు ఎన్ని వారాలు నిండాయి, ఏదైనా సరే. పంతులు కూడా అలాగే వచ్చి బుట్ట కింద పెట్టి, "పెద్దమనిషీ, ఇది జర పెద్దగైనంక దినానికి ఎంత పెట్టాలె? పొద్దుగాలెంత, మాపటికెంత?" అని అడిగాడు. నేను ఆలోచించకుండానే, "పొద్దుగాల మూడు, మాపటికి అయిదు" అన్నాను. మూడు ఏమిటో, అయిదు ఏమిటో చెప్పేలోపే లోపల కండెలు చుడుతున్న నా భార్య రాట్నం ఆపి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపలేదు. పంతులు నా ముఖం చూశాడు, నేను కుక్కపిల్ల ముఖం చూశాను. ఆయనకు ఆ పూట సరైన జవాబు దొరకలేదు. అది ఒక్క మాటలో చెప్పేది కాదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. అంకెలు నాకు పడుగు దగ్గరే వచ్చాయి. సుల్తానాబాదులో మాది మగ్గం నేసే ఇల్లు. మగ్గానికి ఎక్కించబోయే నిలువు దారాలన్నిటినీ పడుగు అంటారు. దాన్ని వీధి పొడవునా కట్టెల మీద చాపి, గంజి పట్టించి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో దువ్వాలి. గంజి పట్టిన దారమే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె దెబ్బకు తట్టుకుంటుంది. పట్టని చోట పీచు లేచి తెగుతుంది. పొద్దు పొడిచే వేళ మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఆ కాసేపు వీధి మాదే, కాని ఆ సంగతి మేకలకు తెలియదు. పక్కవాడ ముసలామె మేకలు సరిగ్గా అదే వేళకు మేతకు బయలుదేరేవి. గంజి వాసన వాటికి పెళ్లి విందు. వాటిని ఆపడానికి మా అవ్వ, అంటే మా అమ్మ, కట్టె పట్టుకుని వీధి మొదట్లో నిలబడేది. అవ్వకు మోకాళ్ల నొప్పులు. మేకలకు లేవు.

నిజాం సర్కారు పోయిన రెండో ఏట నా పెళ్లయింది. అమ్మాయిది గోదావరి అవతల చెన్నూరు. వాళ్లింట్లో దసలి పురుగులు కట్టిన కాయల నుంచి పట్టుదారం తీసి అమ్ముతారు. నేత లేదు, గంజి లేదు. పెళ్లయ్యాక మేము తిరిగి వస్తుంటే వాళ్ల కుక్క మోతి బండి వెనక పడింది. రేవు దగ్గర తరిమితే పోయినట్టే పోయింది. పడవ ఒడ్డు విడిచాక చూస్తే మూటల మధ్య కూర్చుని ఉంది. రెండు రోజుల ప్రయాణంలో కొత్త పెళ్లికూతురు బండి వెనక చివర కూర్చుని వచ్చిన దారినే చూస్తూ ఉంది. పుట్టిన ఊరి మీద బెంగ అనుకుని నేను ఎంతో జాలిపడ్డాను. ఆమె చూస్తున్నది బండి వెనక కుక్క వస్తుందా లేదా అని.

ఆ రోజుల్లో కొత్త కోడలు పెద్దవాళ్ల ముందు మొగుడితో మాట్లాడేది కాదు. మా ఇల్లు చిన్నది, పెద్దవాళ్లు లేని చోటు దాంట్లో ఎక్కడా లేదు. అందుకని ఆమె కుక్కతో మాట్లాడేది. "మోతీ, మీ అయ్యకు నీళ్లు గావాల్నేమో అడుగు" అనేది. నేను, "మోతీ, జర సల్లటియి తెమ్మను" అనేవాణ్ణి. మోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసి తోక ఊపేది. పెళ్లయిన నెల వరకు నా సంసారం మొత్తం ఆ తోక మీదుగానే నడిచింది.

మొదటి పడుగు రోజే మోతి పరువు పోయింది. మేకలను తరమడం దానికి ఎవరూ నేర్పలేదు, చూడగానే తరిమింది. అవ్వ కట్టె కింద పడేసి, పెళ్లిలో కూడా కూర్చోనంత హాయిగా అరుగు మీద కూర్చుంది. కాని మేకలు పోయిన తర్వాత ఆ కుక్క తిరిగి వచ్చి, పడుగు చివర నిలబడి, బారెడు మేర గంజి శుభ్రంగా నాకేసింది. చెన్నూరులో దానికి దినానికి ఎనిమిది గటక ముద్దలు, జొన్న రవ్వతో వండినవి. అన్నీ మాపటికే పెట్టడం వాళ్లింటి అలవాటు. తెల్లవారేసరికి దాని కడుపు ఖాళీ. మా నాన్న, మేము బాపు అంటాం, కుంచె కింద పెట్టాడు.

"గిది కుక్కనా, గంజి తుడిసే బట్టనా?" అన్నాడు. "బతుకమ్మకు పిల్లను తోల్కపోను చెన్నూరు బండి వస్తది గదా. దీన్ని గా బండ్లనే పంపుదాం. పిల్ల మల్ల వస్తది. కుక్క రావద్దు."

"మల్ల మేకలకాడ నన్ను నిలవెడ్తవా?" అంది అవ్వ. "నా మోకాళ్లను సుత గా బండ్లనే పంపు."

బాపు కాసేపు గడ్డం గీరుకున్నాడు. ఆయన కోపానికి కూడా ఒక న్యాయం ఉండేది. "బతుకమ్మ లోపల మూడు పడుగులున్నయి. అది నాలుక వెట్టద్దు, మేకను రానియ్యద్దు. ఒక్కపారి తప్పితే మాఫ్. రెండోపారి తప్పితే బండి ఎక్కుడే" అన్నాడు.

ఆ సాయంత్రం నా భార్య పెరట్లో గిన్నెలు తోముతూ, "మోతీ, నువ్వు వోతే నేను ఎవ్వరితోని మాట్లాడాలె?" అంది. నేను అక్కడే, మూడు మూరల దూరంలో కూర్చుని ఉన్నాను. దూరం కచ్చితంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ మాట నాకు బాగా తగిలింది.

నాకు చేతనైనది లెక్క ఒక్కటే. ముద్దలు ఎనిమిది, పూటలు రెండు. అన్నీ మాపటికి పెడితే పొద్దున పడుగు నాకుతుంది. అన్నీ పొద్దున పెడితే పడుకుంటుంది, ఇది అవ్వ ఒకరోజు చేసి చూసింది. కాబట్టి మధ్యలో ఎక్కడో సరైన చోటు ఉండాలి. పెరట్లో రెండు గుంజల మధ్య మూరెడు పాత పడుగు ముక్కకు గంజి పట్టించి కట్టాను. రోజూ ఆమె ముద్దలు చేసి పెట్టేది, నేను దూరంగా నిలబడి కుక్కను చూసేవాణ్ణి, బొగ్గుతో గోడ మీద రాసేవాణ్ణి. పొద్దున ఒక్క ముద్ద పెడితే వచ్చీ రాగానే నాకింది. రెండు పెట్టిన రోజు కాసేపు ఆలోచించి నాకింది. సగానికి సగం, నాలుగు పెడితే, గంజి జోలికి పోలేదు గాని ఆ మూరెడు పడుగు ముక్క నీడలోనే పడుకుంది. కోడి వచ్చి పోగులు పీకుతున్నా కన్ను తెరవలేదు. బాపు అటుగా పోతూ గోడ చూసి, "కుక్కకు జాతకం రాస్తున్నవారా?" అన్నాడు. మర్నాడు పొద్దున మూడు పెట్టాను. మోతి గంజి వాసన చూసింది, ముఖం తిప్పుకుంది, కోడిని పెరడు దాటేదాకా తరిమింది. వరసగా నాలుగు రోజులు చూశాను. నాలుగు రోజులూ అంతే. గోడ మీద మూడు, అయిదు అని రాసి చుట్టూ గీత గీశాను.

అసలైన మూడు పడుగుల్లో మొదటిది చాపిన రోజు అది చేసిన కాపలాకు వాడంతా మెచ్చుకుంది. నేను ఆ రోజు కుంచె పట్టుకున్న తీరు చూసి పక్కింటాయన, "ఏందిరా, నువ్వే మేకలను తరిమినట్టు జేస్తున్నవు" అన్నాడు. ఆ గర్వం వారం రోజులు కూడా నిలవలేదు. రెండో పడుగు నాడు పొద్దున మూడు ముద్దలు తిన్న మోతి, వీధి మధ్య వెల్లకిలా పడి నిద్రపోయింది. మేకలు దాని పక్క నుంచి మర్యాదగా నడిచి వచ్చాయి. బాపు కుంచెతోనే వాటిని తరిమాడు. అప్పటికే ఒక ముసలి మేక జానెడు మేర నమిలేసింది. "మాఫ్ అయిపోయింది" అన్నాడు బాపు. ఏమీ జరగనట్టు మళ్లీ దువ్వడం మొదలుపెట్టాడు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

నేను గోడ ముందు కూర్చున్నాను. అంకెలు మారలేదు. పొద్దున మూడే, మాపటికి అయిదే. అవ్వే స్వయంగా లెక్కపెట్టి వేసింది. కూడితే ఎనిమిది. మరి మొన్నటి మూడు ఇవాళ ఎలా ఎక్కువైంది? కుక్క మీదే అనుమానం వచ్చింది. ఇలాంటి అనుమానాలు పడుతూ ఎంతసేపు కూర్చున్నానో, వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ముద్దలు లెక్కవెట్టినవు గని, ముద్దలు జేసిన చెయ్యి ఎవ్వరిదో సూడలేదా?"

మోతి అక్కడ లేదు. అది ఇంకా వీధిలో నిద్రపోతోంది. ఆ మాట నాకే. అవ్వ గడపలో ఉంది, బాపు మగ్గం గుంటలో ఉన్నాడు, అయినా ఆమె నా ముఖం చూసే అంది. నెలనెలా మూడు రోజులు ఆడవాళ్లు వంట ముట్టకుండా పక్కన కూర్చునే ఆచారం మా ఇంట్లో ఉండేది. ఆ పొద్దుటితో ముగిసిన మూడు రోజులూ మోతికి ముద్దలు చేసింది అవ్వ; ఆమె అప్పుడే తలస్నానం చేసి వచ్చింది. ఆమె పోయి అవ్వ చెయ్యి పట్టి తెచ్చి, పిడికిలి పక్కన పిడికిలి పెట్టించింది. ఒకటి నిమ్మకాయైతే ఒకటి బత్తాయి.

నాకు ఎంత సిగ్గు వేసిందో చెప్పలేను. ఎదుటివాళ్ల పోగుల్లో ఒక్కటి తగ్గినా పట్టుకునేవాణ్ణి, ముద్ద అంటే ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సిగ్గు దాచుకోవడానికి చుట్టలుగా కట్టిన దారం చిలపలు తూచే తరాజు దించాను. అవ్వ చేసిన ముద్దలు రెండు ఒక తట్టలో, ఆమెవి మూడు ఇంకో తట్టలో పెడితే ముల్లు నిలువుగా నిలబడింది. అంటే పాపం, ఆ కుక్క మూడు రోజులు దినానికి పన్నెండు తిన్నది. నేను ఆమెను ఇంకో ముద్ద చేయమన్నాను. ఆమె అరచేతిలో నుంచి తీసి తూచాను. ఇంకొకటి చేయమన్నాను. అలా ఎనిమిదీ ఒక్కొక్కటిగా ఆమె చేతిలో నుంచే తీశాను.

"ఒక్కటి తూస్తే సాలదారా?" అంది అవ్వ.

"సగటు తియ్యాలె అవ్వా" అన్నాను.

"తియ్యి బిడ్డా, తియ్యి. నీ బాపు సుత పెండ్లయిన కొత్తల నాతోని గిట్లనే కండెలు లెక్కవెట్టించిండు" అంది. మగ్గం గుంటలో నాడె చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్లీ మామూలు కంటే వేగంగా మొదలైంది.

ఆమె ముద్ద సరిగ్గా పట్టే కొబ్బరి చిప్ప ఒకటి వెతికి, అంచు అరగదీసి, గటకకు కొలతగా పెట్టాను. ఇక ఎవరి చెయ్యి అయినా ఫికర్ లేదు. అయితే మూడో పడుగు మిగిలింది, వాన మిగిలింది. నాలుగు రోజులు ముసురు పట్టి, బండి వచ్చే ముందు రోజు తెల్లవారి తెరిపి ఇచ్చింది. మూడు చిప్పలు నేనే పెట్టాను. పడుగు చాపాము. బాపు దారాలను చూడకుండా కుక్కనే చూస్తూ దువ్వుతున్నాడు. మోతి మెల్లగా వచ్చి పడుగు చివర నిలబడింది. మూతి దారాల దాకా పెట్టింది. నాలుక బయటికి వచ్చింది. నాలుగు కుంచెలూ ఒక్కసారి ఆగాయి. ఆమె గడపలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోతి తన ముక్కు తాను నాక్కుని, చెవులు నిక్కించి, వీధి మొదలుకు పరుగెత్తింది. మేకలు వస్తున్నాయి. ఒక్క మేక కూడా మా వాడ మలుపు తిరగలేదు.

మేకల ముసలామె దూరం నుంచే, "గీ కుక్కకు ఏం పెడుతున్నరే?" అని అరిచింది.

"లెక్కలు" అంది అవ్వ.

మర్నాడు చెన్నూరు బండి వచ్చింది. ఆమె మూట పెట్టి ఎక్కింది. ఎవరూ పిలవకుండానే మోతి కూడా ఎగిరి ఆమె పక్కన కూర్చుంది. బాపు బయటికి వచ్చి, "కుక్కను దించు" అన్నాడు. ఆమె ముఖం మారిపోయింది. తను లేనప్పుడు దాన్ని ఇంట్లోంచి తరిమేస్తాడని అనుకుందేమో. నేనూ అదే అనుకున్నాను.

"అది గీడనే ఉంటది" అన్నాడు బాపు, ఎద్దుల వైపు చూస్తూ. "పండుగ ఎల్లంగనే ఇంకో పడుగున్నది. ఇంకోటి, నువ్వు మల్ల వస్తవన్నదానికి మాకు జమానతు ఉండాలె గదా పిల్లా."

ఆమె మోతి మెడ నిమిరి దించింది. బండి కదిలాక, అవ్వ, బాపు, పక్కింటివాళ్లు అందరూ వింటుండగా, "పొద్దుగాల మూడు, మాపటికి అయిదు. నీ పిడికిలితోని గాదు, చిప్పతోని" అని నాతో అంది. నాతోనే. వాడంతా నవ్వింది, బండి తోలేవాడు కూడా.

బతుకమ్మ తొమ్మిది రోజులంటే పద్దెనిమిది పూటలు, డెబ్బై రెండు ముద్దలు అని ఆ నిలబడ్డ చోటనే లెక్క వేసుకున్నాను. అన్నీ పెట్టాను, ఒక్కటి తప్పలేదు. చివరి అయిదు ముద్దలు పెట్టిన మర్నాడు ఆమెను తీసుకుని బండి వచ్చింది. తర్వాత గడిచిన ఏండ్లను కూడా అలాగే పూటలు చేసి చూద్దామని అప్పుడప్పుడు కూర్చుంటాను. ఎక్కడ మొదలుపెట్టినా మధ్యలో ఏదో ఒకటి గుర్తొచ్చి నవ్వు వస్తుంది, అంకె మరిచిపోతాను. నేను సగంలో వదిలేసిన లెక్క అదొక్కటే, దాన్ని పూర్తి చేయాలని కూడా నాకు లేదు.